కథ రాసినవారి మీద కేసు అవుతుందా?

ప్రశ్న: లాయరు గారికి వందనాలు. మాది సోంపేట దగ్గర ఉద్దానం గ్రామం. మా క్రైస్తవ సంఘంలో నలభై కుటుంబాలున్నాయి, నేను సంఘ పెద్దని. రెండు నెలల కిందట ఒక మాసపత్రికలో కథ వచ్చింది. అందులో ఒక పాస్టరు, కిడ్నీ జబ్బు ఉన్న కూలీని డయాలసిస్ మానేసి ప్రార్థన చేసుకోమంటాడు. ఆ మనిషి చనిపోతాడు. రాసింది పక్క మండలంలో ఒక టీచరు. అప్పటి నుంచి కొందరు కుర్రాళ్లు ఆదివారం ఆరాధన జరుగుతుంటే మందిరం ముందు బైకులు ఆపి, హారన్లు కొట్టి, కథలోని పాస్టరు మాటలు అరుస్తున్నారు. నిజానికి డయాలసిస్‌కి వెళ్లేవాళ్లకి మేం కానుకల్లోంచే ఆటో కిరాయి ఇస్తాం. మా యువకులు ఆ టీచరు ఇంటి ముందు పత్రిక తగలబెడతామంటున్నారు. ఆయన మీద కేసు అవుతుందా? లేకపోతే తహసీల్దారు గారి దగ్గర కూర్చోబెట్టి క్షమాపణ రాయించుకోవచ్చా?

జవాబు: అయ్యా, మీరు పంపిన కథ రెండుసార్లు చదివాను. మీ ఉత్తరం కూడా. ఆటో కిరాయి గురించి మీరు రాసిన వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కెనడియన్ బాప్టిస్ట్ మిషన్ వాళ్లు సోంపేటలో ఆసుపత్రి నడిపిన ప్రాంతం మీది. వైద్యం మీ సంఘాల చరిత్రలోనే ఉంది. అలాంటిది వైద్యం మాన్పించేవాళ్లుగా కనబడటం మీకు ఎంత కష్టంగా ఉంటుందో ఊహించగలను.

వెయ్యి కుటుంబాలున్న పట్నం సంఘమైతే ఈ కథని పట్టించుకునేది కాదేమో. నలభై ఇళ్లకి అలా కుదరదు. ఊళ్లో మిగతావాళ్లకి మీ గురించి తెలిసింది తక్కువ, కాబట్టి కథలో పాస్టరు ఏం చేస్తే మీరందరూ అదే చేస్తారనుకుంటారు. ఇలాంటి గొడవలతో నా దగ్గరికి హిందువులు వచ్చారు, ముస్లింలు వచ్చారు, మీవాళ్లూ వచ్చారు. వాళ్లలో దేవుడికేదో అయిపోతుందని భయపడినవాళ్లని నేను చూడలేదు. 'ఇది చదివి మమ్మల్ని ఏమనుకుంటారు, మా పిల్లల్ని బడిలో ఏమంటారు' అన్నదే అందరి టెన్షన్. ఆ టెన్షన్ నిజమైనదే. కానీ దాని కోసం ఆ టీచరు మీద కేసుకి వెళ్లవద్దనే నేను చెబుతాను.

మీరు అనుకుంటున్న సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో 299. పాత చట్టంలో ఇదే 295ఎ. మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు, నాన్ బెయిలబుల్ కూడా. లాహోర్‌లో ప్రవక్త మీద వచ్చిన ఒక కరపత్రం ప్రచురణకర్తని హైకోర్టు వదిలేశాక రేగిన అలజడిలోంచి 1927లో పుట్టిన సెక్షన్ ఇది. ఎవరో బాధపడ్డారన్నంత మాత్రాన ఇది వర్తించదు. మత భావాలను రెచ్చగొట్టాలని బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో మతాన్ని అవమానించి ఉండాలి. తెలియకో, అజాగ్రత్తగానో అన్న మాటలు దీని కిందకి రావని రామ్‌జీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది. ఈ కథలో తప్పు చేసింది ఒక మనిషి. క్రీస్తునిగానీ బైబిల్‌నిగానీ కించపరిచిన మాట నాకు ఒక్కటీ కనబడలేదు. చనిపోయిన కూలీ భార్య చివరి పేజీలో కూడా అదే మందిరంలో మోకరిల్లుతుంది. ఆ పేజీ మీ యువకుల చేత ఒకసారి చదివించండి.

గుడికి వెళ్లే స్త్రీల గురించి పాత్రలు మాట్లాడుకున్న మాటల మీద గొడవై, ఒక మలయాళ నవలని నిషేధించమని అడిగితే 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. డావిన్సీ కోడ్ సినిమాని 2006లో మన రాష్ట్ర ప్రభుత్వం నిషేధిస్తే, ఆ ఉత్తర్వుని మన హైకోర్టే కొట్టేసింది. అప్పుడు అభ్యంతరం చెప్పినవాళ్లలో క్రైస్తవ సంఘాలూ ఉన్నాయి. మాటని తొందరగా నొచ్చుకునేవాళ్ల కొలతతో కాదు, స్థిరమైన మనసున్నవాళ్ల కొలతతో చూడాలని సుప్రీంకోర్టు 2025 మార్చిలో మళ్లీ చెప్పింది. ఇలాంటి ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కంటే ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేయడం మంచిదని పోలీసులకి సూచించింది కూడా. అవన్నీ దాటినా, ప్రభుత్వం ముందుగా అనుమతి ఇవ్వకుండా 299 కింద కేసుని కోర్టు తీసుకోదు. ఏళ్లు గడుస్తాయి. ఈలోగా ఆ కథ చదవనివాళ్లు కూడా వెతుక్కుని చదువుతారు.

పరువునష్టం సంగతి వేరు. కథలో ఊరు, మందిరం, పాస్టరు పోలికలు మీ పాస్టరు గారివేనని చదివిన ఎవరైనా గుర్తుపట్టేలా ఉంటే, ఆయన అదే సంహితలోని సెక్షన్ 356 కింద మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవచ్చు. అది పాస్టరు గారు వేయాల్సిన కేసు. కథలో అలాంటి గుర్తులేవీ నాకు దొరకలేదు. 'పాస్టర్లందరినీ అన్నట్టే కదా' అంటే కోర్టులో నిలబడదు.

తహసీల్దారు దగ్గర క్షమాపణ అన్నారు. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్‌ని 2015లో నామక్కల్‌లో ఇలాగే అధికారుల ముందు శాంతి సమావేశంలో కూర్చోబెట్టి సంతకం చేయించారు. ఆ తరవాత ఆయన ఇక రాయనని ప్రకటించేశారు. ఆ కాగితానికి విలువ లేదని 2016లో మద్రాసు హైకోర్టు తేల్చింది, ఆయన్ని మళ్లీ రాయమంది. ఒక మనిషిని నలుగురి మధ్య కూర్చోబెట్టి తల వంచేలా చేయడం మీ సంఘం కోరుకునే పని కాదని నమ్ముతున్నాను.

ఆ టీచరు ఇంటి ముందు పత్రిక తగలబెట్టడం అంతకంటే ప్రమాదం. ఆయన గుమ్మం ముందు పదిమంది చేరి బెదిరిస్తే చట్టవిరుద్ధంగా గుమిగూడడం, నేరపూరిత బెదిరింపు అని కేసులు పడతాయి. వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌లే సాక్ష్యమవుతాయి. మీ కుర్రాళ్లలో గల్ఫ్ వెళ్లాలనుకునేవాళ్లుంటే పాస్‌పోర్టు దగ్గరే చిక్కొస్తుంది.

మీరు చేయగలిగింది ఒకటుంది. మీ ఉత్తరంలో నాకు రాసిన ఆటో కిరాయి సంగతే ఆ పత్రిక సంపాదకుడికి రాయండి. ఎంతమందికి ఇస్తున్నారు, వారానికి ఎన్నిసార్లు తీసుకెళ్తున్నారు, ఏ ఆసుపత్రికో రాయండి. అచ్చు వేయమని అడగండి. ఆయన జవాబివ్వకపోతే, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కి వెళ్లవచ్చు. మాసపత్రిక కాబట్టి కథ వచ్చిన నాలుగు నెలల్లోపు వెళ్లాలి. ఇప్పటికే రెండు గడిచాయి. ప్రెస్ కౌన్సిల్ శిక్ష వేయదు, మందలించగలదు. ఈ కథ విషయంలో అదైనా చేస్తుందని మీకు ఆశ పెట్టను. మీ జవాబు అచ్చవడమే మీకు ముఖ్యం.

ఇక మీరు మధ్యలో ఒక్క ముక్కగా చెప్పి వదిలేసిన సంగతి. ఆరాధన జరుగుతుంటే మందిరం ముందు హారన్లు, అరుపులు. చట్టం గట్టిగా మీ పక్కన నిలబడేది ఇక్కడే. మత ఆరాధనలో ఉన్నవాళ్లకి కావాలని ఆటంకం కలిగించడం సెక్షన్ 300 కింద నేరం. ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చు. మిమ్మల్ని ఇన్నాళ్లుగా బాధపెడుతున్నది కథకంటే ఈ అల్లరేనని నాకు అనిపిస్తోంది. ఆ అల్లరి చేసేవాళ్లలో ఆ టీచరు లేడు.

ఫిర్యాదు మీ సంఘం పేరు మీద కాకుండా, అప్పుడు లోపల ఉన్న మీరూ మరో ఇద్దరూ సంతకం పెట్టి ఇవ్వండి. ఏ ఆదివారం, ఎన్ని గంటలకి, ఏ పాట పాడుతుండగా, బైకు నంబర్లు ఏమిటో రాయండి. ఫోన్లో తీసిన వీడియో ఉంటే తుడిచేయకండి. స్టేషన్‌లో రసీదు అడిగి తీసుకోండి. వాళ్లు ఫిర్యాదు తీసుకోకపోతే అదే కాగితాన్ని జిల్లా ఎస్పీ గారికి రిజిస్టర్ పోస్టులో పంపండి. లాయరు ఖర్చుకి ఇబ్బందైతే శ్రీకాకుళం జిల్లా న్యాయ సేవాధికార సంస్థని అడగండి. సంఘంలోని స్త్రీలకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని పెడతారు.