జియోథర్మల్ బావిని (భూగర్భంలోని వేడిని ఆవిరి, వేడినీళ్ల రూపంలో పైకి తెచ్చే బావిని) ఎలా టెస్ట్ చేస్తారు? అంతా ఒకే కంపెనీ చేస్తుందా?

సాధారణంగా ఒకే కంపెనీ చేయదు. డ్రిల్లింగ్, సిమెంటింగ్ (బావి గొట్టం చుట్టూ సిమెంట్ నింపడం), లాగింగ్ (పరికరాలు దించి బావి లోపల కొలతలు తీయడం), టెస్టింగ్‌కు వేర్వేరు సబ్‌కాంట్రాక్టర్లు వస్తారు. వీళ్లలో చాలామంది చమురు బావుల దగ్గర పని నేర్చుకున్నవాళ్లే.

ముందు చల్లటి నీళ్లు పంపి, బావి ఎంత తీసుకుంటుందో చూస్తారు. తర్వాత కొన్ని వారాలు వేడెక్కనిచ్చి, తీగకు కట్టిన పరికరంతో లోపలి ఉష్ణోగ్రత, పీడనం కొలుస్తారు.

అసలు పరీక్ష బావిని తెరిచినప్పుడే. ఆవిరి, వేడినీళ్లు కలిసి పెద్ద హోరుతో సైలెన్సర్‌లోకి (హోరు తగ్గించి, ఆవిరిని, నీళ్లను వేరుచేసే పెద్ద తొట్టిలోకి) దూసుకొస్తాయి. పైపు చివరి అంచు దగ్గర పీడనం, సైలెన్సర్ నుంచి బయటికి పారే నీళ్ల పరిమాణం, ఈ రెండిటితోనే మొత్తం ప్రవాహం, అందులోని వేడి లెక్కగడతారు. మొదటి రోజు జోరు చూసి మురిసిపోకూడదు, అది తర్వాత తగ్గవచ్చు.

కొలతలు సబ్‌కాంట్రాక్టర్ తీసినా, వాటిని విశ్లేషించే రిజర్వాయర్ ఇంజనీర్ (భూగర్భంలోని వేడినీటి నిల్వను అంచనా వేసే ఇంజనీర్) మాత్రం ఓనర్ తరఫు మనిషే అయి ఉండాలని నా గట్టి అభిప్రాయం. గేజ్‌ల కాలిబ్రేషన్ రికార్డులు (కొలిచే పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయని సరిచూసిన రికార్డులు) కూడా ముందే అడిగి తీసుకోవాలి.