మూడు టీవీలు, ఒకే ధర: ఏది కొనాలి?

ప్రశ్న: మా హాల్లో సోఫాకూ టీవీ గోడకూ మధ్య తొమ్మిది అడుగుల దూరం ఉంది. పాత టీవీ తీసేసి పెద్దది కొనాలనుకుంటున్నాం. దుకాణంలో దాదాపు ఒకే ధరకు మూడు చూపించారు: 55 అంగుళాల ఓఎల్‌ఈడీ, 65 అంగుళాల మినీ ఎల్‌ఈడీ, 75 అంగుళాల మామూలు ఎల్‌ఈడీ. ఇంకొంచెం పెడితే 8కె వస్తుందంటున్నారు. మా మామగారు పగలంతా వార్తల చానల్ చూస్తారు. రాత్రిళ్లు మేమూ పిల్లలూ సినిమాలు చూస్తాం. డబ్బు చేతిలో ఉంది కానీ, వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో కట్టమంటున్నారు. అదనపు వారంటీ కూడా తీసుకోమంటున్నారు. ఏది కొంటే మా డబ్బుకు న్యాయం జరుగుతుంది?

జవాబు: 65 అంగుళాల మినీ ఎల్‌ఈడీ తీసుకోండి. వాయిదాలు వద్దు, రాయితీ అడిగి మొత్తం ఒకేసారి కట్టండి. 8కె గురించి మరచిపోండి. అదనపు వారంటీ ధరను బట్టి ఉంటుంది, దాని సంగతి తరువాత చెబుతాను.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే సమాచారం మామగారి వార్తల చానల్. ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తన వెలుగు తానే ఇచ్చుకుంటుంది. అందుకే నలుపు నిజంగా నల్లగా ఉంటుంది, చీకటి గదిలో సినిమా చూడటానికి దానికి సాటి లేదు. కానీ ఆ వెలుగునిచ్చే పదార్థం వాడకంతో అరుగుతుంది. చానల్ గుర్తు, కింద పరిగెత్తే వార్తల పట్టీ రోజూ గంటల తరబడి ఒకే చోట ఉంటే అక్కడ అరుగుదల ఎక్కువై, చెరగని నీడ మిగిలిపోవచ్చు. కొత్త మోడళ్లలో దీన్ని తగ్గించే ఏర్పాట్లు ఉన్నాయి, అయినా ప్రమాదం పూర్తిగా పోలేదు. పైగా చాలా వారంటీలు ఈ నీడను లోపంగా ఒప్పుకోవు. రాత్రి సినిమాలకు మాత్రమే వాడే ఇల్లయితే నా సలహా మరోలా ఉండేది.

ఇక పరిమాణం. తెర కొలత మూలనుంచి మూలకు. మామూలు వీక్షణకు తెర మన కంటి ముందు సుమారు 30 డిగ్రీల మేర ఆక్రమించాలన్నది సినీ సాంకేతిక నిపుణులు పాటించే ఒక లెక్క. దాని ప్రకారం కూర్చునే దూరం తెర కొలతకు 1.6 రెట్లు ఉండాలి. మీ తొమ్మిది అడుగులంటే 108 అంగుళాలు, 1.6తో భాగిస్తే 67 వస్తుంది. అంటే 65 మీ గదికి సరిపోతుంది, 75 కూడా ఎక్కువేమీ కాదు. 55 మాత్రం చిన్నదే. పది అంగుళాల తేడాయే కదా అనిపిస్తుంది కానీ, వైశాల్యంలో 65 అంగుళాల తెర 55 కన్నా దాదాపు 40 శాతం పెద్దది.

ధర మాత్రం వైశాల్యంతో పాటు అదే నిష్పత్తిలో పెరగదు. ప్యానెళ్లను పెద్ద గాజు పలకల నుంచి కోస్తారు. 2200 మిల్లీమీటర్ల వెడల్పు, 2500 మిల్లీమీటర్ల పొడవున్న పలకలో 55 అంగుళాలవి ఆరు చక్కగా వస్తాయి, 65వి మాత్రం మూడే వచ్చి చాలా గాజు మిగిలిపోతుంది. 2018 ప్రాంతంలో 2940, 3370 మిల్లీమీటర్ల పలకలు వాడే కర్మాగారాలు మొదలయ్యాయి. వాటిలో ఒక్కో పలకకు 65వి ఎనిమిది, లేదా 75వి ఆరు వస్తాయి. పెద్ద తెరలు అందుబాటులోకి రావడానికి ఇదొక ముఖ్య కారణం. తెర మరీ పెద్దదైతే ఒక్కో పలకకు వచ్చే ప్యానెళ్లు తగ్గి, ధర మళ్లీ ఎగబాకుతుంది.

అలాగైతే 75 ఎందుకు వద్దన్నానంటే, దాని వెనకున్న వెలుగు కారణంగా. ఎల్‌ఈడీ టీవీలో తెర స్వయంగా వెలగదు. వెనక దీపాలు వెలుగుతాయి, ముందున్న ప్యానెల్ ఆ వెలుగును ఆపుతుంది లేదా వదులుతుంది. చవక మోడళ్లలో దీపాలన్నీ ఒకేసారి వెలుగుతూ ఉంటాయి. రాత్రి ఆకాశం చూపించే దృశ్యంలో కూడా వెనక దీపాలు ఆరవు కాబట్టి, నల్లగా ఉండాల్సింది బూడిద రంగులో కనిపిస్తుంది. పగలు వార్తలకు ఇది తెలియదు, రాత్రి సినిమాకు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. మినీ ఎల్‌ఈడీలో చిన్న చిన్న దీపాలు వేల సంఖ్యలో ఉంటాయి. వాటిని విడివిడి భాగాలుగా మసకబార్చవచ్చు, ప్రకాశం కూడా ఎక్కువ. పగలూ రాత్రీ రెండు రకాల వాడకమున్న మీ ఇంటికి కావలసింది ఇదే. అయితే పేరు చూసి మోసపోకండి. తెర వెనక ఎన్ని భాగాలు విడివిడిగా మసకబారతాయో అడగండి. దుకాణదారు చెప్పలేకపోతే, టీవీలను పరికరాలతో కొలిచి ప్రచురించే స్వతంత్ర సమీక్షల్లో వెతకండి.

పెట్టె మీది ముద్రలతో జాగ్రత్త. క్యూఎల్‌ఈడీ అంటే రంగుల కోసం క్వాంటమ్ డాట్లనే అతి సూక్ష్మ కణాలు వాడారని అర్థం. 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది ఈ డాట్ల కనుగోలు, తయారీలకే. మంచి విషయమే, కానీ వెనకున్న దీపాల గురించి ఆ పేరు ఏమీ చెప్పదు. వెలుగుకూ చీకటికీ మధ్య తేడాను ఎక్కువగా చూపే సిగ్నల్‌కు సంబంధించిన హెచ్‌డీఆర్ అన్న ముద్ర ఇంకా బలహీనం. ఆ రకం సిగ్నల్‌ను టీవీ స్వీకరిస్తుందని మాత్రమే దాని హామీ, దానికి తగ్గ ప్రకాశంతో చూపిస్తుందని కాదు.

8కె సంగతి క్లుప్తంగా. 4కెలో దాదాపు 83 లక్షల చుక్కలు, 8కెలో దానికి నాలుగు రెట్లు ఉంటాయి. కానీ 65 అంగుళాల 4కె తెరలో ఒక్కో చుక్కను విడిగా గుర్తించాలంటే మామూలు చూపున్నవారు నాలుగడుగుల దూరానికి రావాలి. మీరు తొమ్మిది అడుగుల దూరంలో ఉన్నారు. కంటికి కనిపించని దానికి, చూడటానికి అంతగా కార్యక్రమాలు కూడా లేని దానికి డబ్బు ఎందుకు?

ఇప్పుడు డబ్బు లెక్కల విషయం. టీవీ ధర ఒక్కటే ఖర్చు కాదు. సన్నని టీవీల్లో మంచి స్పీకర్లకు చోటు ఉండదు, కొన్ని నెలలకే సౌండ్‌బార్ కొనాలనిపిస్తుంది. అనేక స్ట్రీమింగ్ సేవల్లో 4కె నాణ్యతకు ఖరీదైన చందా కట్టాలి, దానికి తగిన ఇంటర్నెట్ వేగమూ కావాలి. గోడకు బిగించే స్టాండు వేరే. కరెంటు కూడా లెక్కలోకి తీసుకోండి: 120 వాట్లు తీసుకునే టీవీ మీ ఇంట్లోలా రోజుకు పది గంటలు నడిస్తే ఏడాదికి దాదాపు 440 యూనిట్లు. టీవీతో సహా వీటన్నిటికీ కలిపి ముందే ఒక బడ్జెట్ వేసుకుని, అందులో నాలుగో వంతు పక్కన పెట్టి, మిగిలిన దానితో టీవీ కొనండి. ఆ నాలుగో వంతు నా సొంత అంచనా, సౌండ్‌బార్ ఇప్పటికే ఉంటే తగ్గించుకోవచ్చు.

వడ్డీ లేని వాయిదాల గుట్టు చూద్దాం. ధర 100 అనుకోండి. ఒకేసారి కడితే 94కు ఇస్తారు, వాయిదాలైతే 100. అంటే మీరు 94 అప్పు తీసుకుని ఏడాదిలో 100 తీరుస్తున్నారు. ఆరు శాతమే కదా అనిపిస్తుంది. కానీ అసలు నెలనెలా తగ్గుతూ పోతుంది కాబట్టి అసలైన వార్షిక వడ్డీ 12 శాతం దాకా తేలుతుంది. పైన రుసుము ఉంటే అది అదనం. కనుక ముందు నగదు ధర అడగండి, ఆ తరువాతే వాయిదాల మాట ఎత్తండి. రెండిటికీ నిజంగా ఒకే ధర, రుసుమేమీ లేదంటే వాయిదాలు తీసుకున్నా తప్పులేదు. ఒక్క షరతు: మీరు చేతిలో ఉందంటున్న డబ్బు ఆసుపత్రి ఖర్చులకో, ఉద్యోగం పోతే గడవడానికో దాచినది కాకూడదు. అదే అయితే టీవీ కొనడం ఆరు నెలలు ఆపండి.

అలా ఆగడం వల్ల నష్టమూ లేదు. తయారీదారులు కొత్త మోడళ్లను చాలావరకు జనవరిలో ప్రకటిస్తారు, అవి కొన్ని నెలల్లో దుకాణాలకు చేరతాయి. అప్పుడు పాత ఏడాది సరుకు ధర దిగుతుంది. ఏడాది పాతదైన మంచి శ్రేణి టీవీ సాధారణంగా కొత్తగా వచ్చిన కింది శ్రేణి టీవీ కన్నా మేలు. అలాంటి సమయంలో మీ బడ్జెట్‌లోనే 75 అంగుళాల మినీ ఎల్‌ఈడీ దొరికితే, నా మొదటి సలహా పక్కన పెట్టి అదే తెచ్చుకోండి.

స్మార్ట్ సదుపాయాలకు విడిగా డబ్బు పోయకండి. ప్యానెల్ కన్నా ముందు అందులోని సాఫ్ట్‌వేర్ ముసలిదవుతుంది, అప్పుడు చిన్న స్ట్రీమింగ్ పరికరం తగిలిస్తే సరిపోతుంది. కొన్ని టీవీలు చవకగా రావడానికి ప్రకటనల ఆదాయం, మనం ఏం చూస్తున్నామన్న సమాచారం కూడా కారణాలు. అనుమతి లేకుండా అలా సమాచారం సేకరించారన్న ఆరోపణపై టీవీలు తయారుచేసే విజియో సంస్థ 2017లో అమెరికాలో 22 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. సెట్టింగుల్లో ఆ సేకరణను ఆపేయండి. చిత్రాన్ని కూడా దుకాణపు మిరుమిట్ల నుంచి సినిమా మోడ్‌కు మార్చండి, కరెంటు కొంత ఆదా అవుతుంది.

అదనపు వారంటీ టీవీ ధరలో ఐదు శాతం లోపు ఉండి, ప్యానెల్ మార్పిడిని స్పష్టంగా రాసి ఇస్తే తీసుకోండి, ఎందుకంటే ప్యానెల్ పోతే మరమ్మతు ఖర్చు కొత్త టీవీ ధరకు దగ్గరగా ఉంటుంది. అంతకు మించితే వద్దు. పిల్లలు ఏదైనా విసిరి తెర పగిలితే చాలా వారంటీలు వర్తించవని కూడా గుర్తుంచుకోండి. ఇక డబ్బు కట్టే ముందు మీ టీవీ బల్ల వెడల్పు కొలవండి. 65 అంగుళాల టీవీ దాదాపు 145 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, కొన్నిటికి కాళ్లు రెండు చివర్లలో ఉంటాయి.