నిద్రగన్నేరు మొద్దును గుండ్రటి రంపం మీద కోయించవచ్చా?

అమలాపురం దగ్గర మీ పెరట్లో గాలికి పడిపోయిన నిద్రగన్నేరు మొద్దు ఉందన్నారు. దాన్ని గుండ్రటి రంపం మీద మోటుగా, రస్టిక్ లుక్ వచ్చేలా కోయించి, అంచులు చెట్టుకు ఉన్న వంపులోనే ఉంచి, టేబుల్‌కీ గోడ అరలకీ వాడుకోవచ్చా, లేక బ్యాండ్ సా (చక్రాల మీద తిరిగే పట్టీ రంపం) దగ్గరికే వెళ్లాలా అని మీ ప్రశ్న.

మాది తణుకు వైపు. నాన్నగారి హయాం నుంచి మాకు సామిల్లు ఉంది, రెండు రకాల రంపాలూ నడిపాం. అరలకు, బెంచీలకు, గోడ పలకలకు గుండ్రటి రంపం మీదే కోయించండి. వెడల్పాటి టేబుల్ పలక కావాలంటే మాత్రం బ్యాండ్ సా.

ఎందుకంటే గుండ్రటి రంపం తన వెడల్పులో సగం కూడా కోయలేదు. మధ్యలో ఇరుసు, దాన్ని పట్టి ఉంచే బిళ్లలు అడ్డం వస్తాయి. 36 అంగుళాల రంపమైనా 14, 15 అంగుళాల లోతు దగ్గర ఆగిపోతుంది. మొద్దును తిప్పి రెండో వైపు నుంచి కోయవచ్చు గానీ కోతలు కలిసే చోట మెట్టు పడుతుంది. పొట్టుగా పోయే చెక్క కూడా ఎక్కువే. ఒక్కో కోతకు దీనికి 6 మిల్లీమీటర్ల దాకా పోతుంది, బ్యాండ్ సాకు 2, 3 చాలు. పది కోతలయ్యేసరికి గోడ అరకు సరిపడే పలక ఒకటి పొట్టులో కలిసిపోయినట్టే.

అయినా దీన్నే సిఫారసు చేస్తున్నది ఆ గీతల కోసం. బ్యాండ్ సా పలక మీద అడ్డంగా తిన్నటి గీతలు వదులుతుంది. గుండ్రటి రంపం వంపు గీతలు వదులుతుంది, ఒకదాని వెనక ఒకటి, చెరువులో అలల్లా. మీరు రస్టిక్ లుక్ అంటున్నది ఇదే. అది మెషీన్ పట్టి నునుపు చేసిన పలక మీద ఎంత ఖర్చు పెట్టినా రాదు. గీతల మధ్య దూరం దుంగను తోసే వేగాన్ని బట్టి ఉంటుంది. ఒకే వేగంతో తోస్తే గీతలు సమంగా పడతాయి. మధ్యలో ఆగితే అక్కడ లోతుగా ఒక చార, పక్కనే కమిలిన నల్ల మచ్చ. కాబట్టి కోసే మేస్త్రీకి ముందే చెప్పండి: ఆపకుండా, తొందరపడకుండా కోయమని. రంపం ఊగుతున్నా, పలక ఒకచోట మందంగా ఒకచోట పలచగా వస్తున్నా, ఆపించి ఆకురాయి పట్టించండి. మోటు పలక అంటే గీతలు మోటుగా ఉండాలి, మందం మాత్రం ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒక్కలాగే ఉండాలి. ఈ రెంటినీ కలిపేసి, ఎలా కోసినా రస్టిక్కే అనే మిల్లు వాళ్ల మాట దయచేసి వినకండి.

మిల్లుకు తోలేముందు మొద్దును నీళ్లు పోసి కడిగించండి. కాలవ గట్టు మీద ఈడ్చుకొచ్చిన దుంగల బెరడులో ఒండ్రు, ఇసుక ఇరుక్కుని ఉంటాయి. నాలుగు కోతలకే పళ్ల పదును పోతుంది. తర్వాత మేకులు. ఊళ్లో చెట్టంటే ఫ్లెక్సీ మేకులు, దండెం కట్టిన తీగలు ఉండనే ఉంటాయి, పైన చెక్క పెరిగి కనపడవు. కోసిన మొదలు మీద చూడండి: ఇనుము ఉన్న చోట చెక్క నీలి నలుపుగా మారుతుంది. తుమ్మ, చింతల్లో ఈ మరక బాగా తెలుస్తుంది. అనుమానం ఉంటే అక్కడి ముక్క కోసి పక్కన పడేయడమే మంచిది.

కోసేటప్పుడు రంపం వెనక ఇనప బద్ద నిలబెట్టి ఉందో లేదో చూడండి. తెగిన చెక్క మళ్లీ మూసుకుని రంపాన్ని పట్టేయకుండా అదే కాపాడుతుంది, లేకపోతే దుంగ ఎదురు తన్నుతుంది. అది లేని చోట కోయించవద్దు. మీరు కూడా రంపానికి సూటిగా నిలబడకండి, లుంగీతో, కండువాతో దగ్గరికి వెళ్లకండి.

అరలకు అంగుళంన్నర, బెంచీకి రెండంగుళాల మందం చెప్పండి, ఆరితే కొంత తగ్గుతుంది. బెరడు మాత్రం తీసేయించండి. ఉంచితే అందమే గానీ దాని కింద పురుగు చేరి పుచ్చు పడుతుంది, ఏడాదికే ఊడి వస్తుంది. బెరడు తీసినా అంచు వంపు ఎక్కడికీ పోదు.

ఇక ఆరబెట్టడం. మన డెల్టాలో అసలు కష్టం ఇదే. నేల ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది, చెదలు సరేసరి. ఇటుకలు పేర్చి అడుగున్నర ఎత్తులో, పైన రేకులున్న చోట, పైరగాలి తగిలేలా పలకలు పేర్చండి. ఎండలో పెడితే పగుళ్లే. పలకకూ పలకకూ మధ్య అంగుళం రీపర్లు (సన్నటి చెక్క బద్దలు), రెండడుగులకు ఒకటి, పైవి కింది వాటికి సరిగ్గా నిలువునా. చివర్లకు పెయింటు పూయండి, చెమ్మ ముందు పోయేది అక్కడి నుంచే. పైన బరువులు పెట్టండి. నిద్రగన్నేరు ఆరేటప్పుడు పెద్దగా ముడుచుకోదు, అది మీ అదృష్టం. అయినా అంగుళం మందానికి ఏడాది లెక్క వేసుకోండి. ధాన్యం తేమ చూసే మీటరు పెట్టి చూస్తామని కొందరు అంటారు, అది చెక్కకు పనికిరాదు. చెక్కల మాయిశ్చర్ మీటర్ దొరక్కపోతే ఒక పలకను నెలనెలా కాటా వేయండి. పొడి నెలల్లో కూడా బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టే. ఆ తర్వాత ఇసక కాగితం తేలిగ్గా పట్టించి, లిన్సీడ్ ఆయిల్ పూస్తే గీతలు అలాగే నిలిచి చేవ రంగు పైకి వస్తుంది.

చెట్టు పడిపోయినదైనా, 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ఉంది కాబట్టి బండి ఎక్కించే ముందు అటవీ శాఖ ఆఫీసులో అడిగి కాగితం తీసుకోండి. మొద్దు మొదట్లో, చివర్లో చుట్టుకొలత ఎంతో, పొడవెంతో రాస్తే ఎక్కడ ముక్క చేసి ఏది ఏ రంపానికి పంపాలో చెబుతాను.