మండువా ఇంటిని బాగుచేయించే ముందు ఆ ఇంట్లో నీటి దారి తెలుసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: కోనసీమలో మీ తాతగారు కట్టించిన దాదాపు వందేళ్ల మండువా లోగిలిని పడగొట్టకుండా, కుటుంబమంతా ఏటా కొన్ని నెలలు వచ్చి ఉండేలా బాగుచేయించాలనుకుంటున్నారు. ఆర్కిటెక్టు మీకు రెండు డిజైన్లు ఇచ్చారు. మొదటిదానిలో మండువా మీద, అంటే ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న చోట, గాజు కప్పు వేసి, మూల గదుల్లో స్నానాల గదులు పెట్టి, వీధి అరుగు తీసేసి ఆ స్థానంలో ప్రహరీ కడతారు. రెండోదానిలో పాత ఇంటిని దాదాపు ఉన్నట్టే ఉంచి, పెరటివైపు చిన్న కొత్త భాగం కడతారు. ఏది మేలని మీరు అడిగారు. మా అమ్మమ్మగారి ఇల్లు కూడా ఆ ప్రాంతంలోదే, ఆ తరహాదే. మా మామయ్యల పిల్లలూ నేనూ కలిసి దానిని బాగుచేయించాము కనుక, ఆ అనుభవంతో రెండో డిజైనే మేలని చెప్పగలను. మొదటి డిజైనులోని మూడు మార్పులూ ఇంట్లో నీరు నడిచే తీరుకు అడ్డుపడేవే.

మండువా ఇంట్లో నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలి ఉంటుంది. చూరు నీళ్లన్నీ మధ్యలోని మండువాలో పడి, తూము గుండా వీధి కాలువలోకో పెరట్లోకో పోతాయి. గోడలు చాలావరకు మట్టి అడుసుతో పేర్చిన ఇటుకలు, వాటి మీద గానుగలో రుబ్బిన సున్నపు పూత. డెల్టాలో భూమిలోని నీరు పైకే ఉంటుంది కాబట్టి వానాకాలంలో చెమ్మ గోడలోకి ఎక్కడం ఎలాగూ తప్పదు. అయితే సున్నపు పూతలోని సన్నటి రంధ్రాల గుండా ఆ చెమ్మ ఆవిరై బయటికి పోతుంది, మండువాలోంచి పైకి లేచే గాలి దానిని ఆరబెడుతుంది. ఈ ఏర్పాటును చెడగొట్టకుండా ఏ మార్పు చేసినా ఇల్లు తట్టుకుంటుంది, దీనిని అడ్డుకుంటే మాత్రం ఎంత ఖర్చు పెట్టినా నాలుగేళ్లకు మళ్లీ మేస్త్రిని పిలవాల్సి వస్తుంది.

మా ఇంట్లో దీనికి ఉదాహరణ మా పెద్దమామయ్య హయాంలోనే సిద్ధమై ఉంది. పడమటి గదిలో చెమ్మ మోకాలి ఎత్తున కనబడుతోందని అప్పట్లో ఎవరో చెబితే నడుము ఎత్తు వరకు సిమెంటు పూత పూయించారు. చెమ్మకు బయటికి వచ్చే దారి మూసుకుపోయి, అది సిమెంటు వెనకాలే పైకి పాకి, పూత ఆగిన చోటికి పైన, అంటే భుజాల ఎత్తున, ఉప్పు పొడిలా తేలి సున్నాన్ని పెచ్చులుగా రాల్చింది. మేము పని మొదలుపెట్టినప్పుడు ఆ సిమెంటును చెక్కించేసరికి లోపలి మట్టి అడుసు వేలితో గీరితే రాలేంత మెత్తగా ఉంది. గోడను వెంటనే పూయకుండా ఒక వేసవి అంతా ఆరనిచ్చాము. అంతకాలం చెమ్మ గీత ఎక్కడుందో పెన్సిలుతో గోడ మీద గీసి, పక్కనే తేదీ వేస్తూ వచ్చాము. గీత దిగుతోందో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే చవకైన పరికరం లేదు, మీరూ ఈ వానాకాలం నుంచే మొదలుపెట్టవచ్చు. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు ఫర్ కల్చర్ చేపట్టిన పరిరక్షణలో కూడా గత శతాబ్దపు మరమ్మతుల్లో గుమ్మటాల మీద వేసిన సిమెంటు పొరలను తొలగించి మళ్లీ సున్నపు పూత వేశారు. అంత పెద్ద కట్టడానికైనా మా పడమటి గదికైనా గోడ ధర్మం ఒకటే.

సున్నం పని గురించి మీకు ముందుగా తెలియాల్సింది దానికి పట్టే సమయం. గుల్ల సున్నాన్ని గాని రాతి సున్నాన్ని గాని నీళ్లలో వేస్తే బుసలు కొడుతూ మరుగుతుంది. ఆ మరుగు తగ్గాక వెన్నలా అయ్యే వరకు తొట్టెలో నీటి కింద నిల్వ ఉంచాలి. ఎన్నాళ్లుంచితే అంత మంచిది. తరువాత ఒక పాలు సున్నానికి రెండు నుంచి మూడు పాళ్ల ఇసుక కలిపి గానుగ పట్టాలి. ఎద్దుల గానుగ ఇప్పుడు దొరకదు కాబట్టి మా మేస్త్రి యంత్రపు గానుగ తెప్పించారు. కరక్కాయలను నలగ్గొట్టి నానబెట్టిన నీళ్లు, బెల్లపు నీళ్లు కలిపి రుబ్బితే ఆ సున్నపు ముద్ద తాపీకి అంటుకుపోకుండా జారుతూ, గోడకు మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. పూసిన తరువాత అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల తరబడి గట్టిపడుతుంది. పూసిన కొత్తలో ఎండ తగలకుండా గోనె పట్టాలు తడిపి కట్టాలి. సిమెంటుకు అలవాటుపడిన మేస్త్రికి ఇదంతా చాదస్తంగా కనిపించి, ‘కాస్త సిమెంటు కలిపితే త్వరగా అయిపోతుంది కదండీ’ అంటారు. ఆ ఒక్క మాటకు మాత్రం ఒప్పుకోకండి. పైన వేసే రంగు విషయంలోనూ ఇదే నియమం వర్తిస్తుంది: ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే కింద సున్నం ఉన్నా ఉపయోగం లేదు, వెల్ల వేయించడమే సరైనది.

కప్పు దగ్గర మీ దృష్టి ముందుగా పడాల్సింది మండువా నాలుగు మూలల మీద. రెండు వాలులు కలిసే ఆ మూలల్లోనే నీరంతా చేరుతుంది, నీరు జారడానికి అక్కడ పరిచిన రేకు తుప్పుపడితే కింది మూల వాసం పుచ్చుతుంది. దూలాల విషయంలో నడిమి భాగం చూసి సంతృప్తి పడకండి, గోడలోకి దూరిన కొసలను పరీక్షించండి. చిన్న సుత్తితో తట్టినప్పుడు ఖంగుమంటే కర్ర బాగున్నట్టు, డొల్ల శబ్దం వస్తే అక్కడ స్క్రూడ్రైవరు గుచ్చి చూడాలి. మా ఇంట్లో టేకు స్తంభాలన్నీ చెక్కుచెదరలేదు. తాటి దూలాల్లో చేవ తేలినవి బాగానే ఉన్నాయి గాని, కొసలు మాత్రం కొన్ని తడికి పోయాయి. వడ్రంగి పుచ్చిన మేరకు కోసేసి, పాత టేకు ముక్కను ఏటవాలుగా అతికి, బోల్టులతో బిగించారు. మళ్లీ గోడలో పెట్టేటప్పుడు కొస చుట్టూ కాస్త గాలి ఆడేలా ఖాళీ వదిలారు. ఇలా చేస్తే మొత్తం దూలం మార్చనక్కరలేదు. కూన పెంకులు (వంపు తిరిగిన పాతకాలపు నాటు పెంకులు) మాత్రం కొత్తవి దొరకడం కష్టం, పడగొడుతున్న ఇళ్ల దగ్గర ముందుగా మాట్లాడుకుని తెచ్చుకోవాలి. మేము వాటిని లోపలి వాలులకే వాడి, వెనుక వసారాకు యంత్రంతో చేసిన చదును బంగాళా పెంకులు వేశాము. (పడగొట్టిన ఇళ్ల స్తంభాలు, తలుపులు పట్నం హోటళ్లలో అలంకారాలుగా నిలబడి ఉండడం చూసినప్పుడల్లా, వాటిని కొన్నవారు ఆ ఊళ్లకు వచ్చి ఒక్క ఇంటి కప్పైనా నేయించి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది.)

ఇక గాజు కప్పు. దొంగల భయం, కోతుల బెడద నిజమే, మాకూ ఉన్నాయి. దానికి ఇనుప ఊచల జాలీ చాలు. గాజుతో మూసేస్తే వేడెక్కిన గాలి పైకి పోయే దారి లేక నాలుగు వసారాల్లోకీ తిరిగి వస్తుంది, చైత్ర వైశాఖాల్లో ఇల్లు కొలిమి అవుతుంది. అప్పుడు ఏసీలు పెట్టాలి, ఏసీ పెట్టిన గదికి తలుపులు బిగించాలి, అలా బిగించిన గదిలో గోడలు ఆరవు. ఇంట్లో పెద్దవాళ్లున్నందువల్ల వాన జల్లు అసలు పడకూడదనుకుంటే, కప్పును చూరు కంటే రెండు మూడు అడుగులు పైకి లేపి, చుట్టూ పక్కలు తెరిచి ఉంచమని ఆర్కిటెక్టును అడగండి. చూడడానికి అంత అందంగా ఉండదు గాని ఇల్లు ఊపిరి పీలుస్తుంది.

స్నానాల గదులను మూల గదుల్లో పెట్టడం నాకు మరింత అభ్యంతరకరంగా తోస్తోంది. మట్టి అడుసు గోడలో పైపు కోసం గాడి చెక్కడమే ప్రమాదం, ఆ పైపు ఏదో ఒకనాడు కారడం ఖాయం. కారినట్టు తెలిసేసరికి గోడ కింది వరసలు కరిగి ఉంటాయి. పాత రోజుల్లో నీళ్ల గదిని పెరట్లో వేరుగా పెట్టడం వెనుక మడి ఆచారాలతోపాటు ఈ జాగ్రత్త కూడా ఉందని నా నమ్మకం. మేము వెనుక వసారాకు కొంచెం ఎడంగా కొత్త పునాది మీద వంటిల్లు, రెండు స్నానాల గదులు కట్టి, మధ్యన పెంకు కప్పిన నడవా ఒకటి కలిపాము. రాత్రిపూట పెద్దవాళ్లు నడిచే దారి కాబట్టి నడవా నేల మెట్టు లేకుండా సమంగా ఉండాలని ముందే పట్టుబట్టాము. కొత్త భాగానికి పాత స్తంభాల నకళ్లు పెట్టకుండా, సాదా ఇటుక గోడలతో, పాత చూరు కంటే తక్కువ ఎత్తులో కట్టించాము. పాత కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయంగా అనుసరించే 1964 నాటి వెనిస్ చార్టరు చెప్పేది కూడా ఇంచుమించు ఇదే: పోయిన భాగం స్థానంలో పెట్టేది మొత్తం కట్టడంతో ఒదిగిపోవాలి, అదే సమయంలో అసలుదేదో కొత్తదేదో చూసేవారికి తెలియాలి. కరెంటు తీగలను కూడా గోడలు చెక్కకుండా పైనుంచే, దూలాల వెంట కేసింగులో నడిపించాము.

ఆర్కిటెక్టును ఎంచుకునేటప్పుడు వారు కట్టిన కొత్త ఇళ్ల ఫోటోల కంటే, బాగుచేసిన పాత ఇల్లు ఒక్కటైనా చూపించమని అడగండి, వీలైతే అక్కడికి వానాకాలంలో వెళ్లండి. మొదటి రుసుము డిజైనుకు ఇవ్వకుండా, ఉన్న ఇంటిని ఉన్నట్టు కొలిచి గీయడానికి ఇవ్వండి. ఆ కొలతల పటాల్లో ఒకటి తప్పనిసరిగా వీధి నడిబొడ్డు నుంచి కాలువ, అరుగు, వసారా, మండువా, నట్టిల్లు మీదుగా పెరటి చివరి వరకు నిలువునా కోసి పక్కనుంచి చూసినట్టు గీసిన నిలువుకోత పటమై ఉండాలి, ప్రతిచోటా నేల ఎత్తు అంకెల్లో రాసి ఉండాలి. మా ఇంటి అసలు జబ్బు బయటపడింది ఆ పటంలోనే. మా వీధిలో పాత రోడ్డును తవ్వకుండానే దాని మీద మళ్లీ మళ్లీ సిమెంటు రోడ్డు వేస్తూ వచ్చారు. ఒకప్పుడు వీధి నుంచి అరుగెక్కడానికి మూడు మెట్లుండేవి, ఇప్పుడు కనబడేది ఒక్కటే. కాలువ అంచు మా తూము కంటే పైకి వచ్చింది కాబట్టి గట్టి వాన పడితే వీధి నీరే తూములోంచి మండువాలోకి ఎదురు వచ్చేది. మీ ప్రశ్నలో ‘మండువాలో నీరు నిలుస్తోంది’ అని రాశారు, మీదీ ఇదే కథ కావచ్చు. మేము వీధివైపు తూము మూసేసి, వాలును పెరటివైపుకు తిప్పి ఇంకుడు గుంతలోకి కలిపాము. కోనసీమ నేలలో ఆ గుంత శ్రావణానికే నిండుతుంది కనుక దాని పొంగును వెనుక బోదెలోకి, అంటే పిల్ల కాలువలోకి, వదిలాము. ఈ పని తరువాతే నేల గచ్చు జోలికి వెళ్లాము.

అనుమతుల గురించి ఒక్క మాట. ఇల్లు ఉమ్మడి ఆస్తి అయితే వారసులందరి సంతకాలు ముందే తీసుకోండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం ఏదైనా 100 మీటర్లలోపు ఉంటే కొత్త నిర్మాణం కుదరదు, మరమ్మతుకు కూడా అనుమతి కావాలి. ఆపైన మరో 200 మీటర్ల వరకు నియంత్రణ ఉంటుంది.

చివరిగా అరుగు గురించి. అరుగు మీ స్థలంలోదే అయినా అది సగం వీధిది. కూరగాయల గంప దించుకునేవారు, బడి బస్సు కోసం నిలబడే పిల్లలు, పొద్దున్నే పేపరు చదువుకునే పెద్దలు దానిని వాడుకుంటారు. ఆర్కిటెక్టులు బహిరంగ స్థలాల రూపకల్పన అని పెద్ద మాటతో చెప్పేది మన ఊళ్లలో నిజానికి ఇక్కడే మొదలవుతుంది. మా వీధి చివర గుడి ముందు రావిచెట్టు చుట్టూ పాత రాతి అరుగు ఉండేది. సుందరీకరణ పేరుతో దానికి నున్నటి నల్ల గ్రానైటు పలకలు తొడిగి, చుట్టూ స్టీలు రెయిలింగు పెట్టి, చెట్టు మొదలు వరకు సిమెంటు పోశారు. ఎండకు గ్రానైటు కాలుతుంది, రెయిలింగు దాటి పెద్దవాళ్లు ఎక్కలేరు, అందువల్ల మధ్యాహ్నం అక్కడ ఇప్పుడు ఎవరూ కూర్చోవడం లేదు. దీనికి భిన్నంగా సికింద్రాబాదు బన్సీలాల్‌పేట మెట్ల బావి దగ్గర ముందు ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తను తోడి, ఊట నీరు మళ్లీ కనబడేలా చేసి, ఆ తరువాతే చుట్టుపక్కల అలంకరణకు దిగారు. 2022 డిసెంబరులో తెరిచాక జనం అక్కడికి వస్తున్నది ముఖ్యంగా ఆ నీటిని చూడడానికే. గోల్కొండ ప్రాంతపు మెట్ల బావుల పునరుద్ధరణకు కూడా అదే ఏడాది యునెస్కో ఆసియా పసిఫిక్ పరిరక్షణ పురస్కారాల్లో గుర్తింపు దక్కింది.

అందుకని మీ అరుగును తీసేయకండి. భద్రత కావాలంటే వీధి గుమ్మానికీ వసారాకూ ఇనుప ఊచల తలుపు పెట్టించుకోండి. ప్రహరీ కట్టి తీరాలని ఇంట్లో పట్టుబడితే పక్కలకు, పెరటికి కట్టి, ముఖద్వారం వైపు వదిలేయండి. అరుగు మీద టైల్సు వేయకుండా నాపరాళ్లు పరిపించి, వీధివైపు అంగుళం వాలు ఇప్పించండి, అప్పుడు జల్లు నీరు గోడ మొదట్లో నిలవదు. రోడ్డు మళ్లీ వేసే మాట వినబడినప్పుడు మాత్రం ఇరుగుపొరుగును కూడగట్టుకుని, పాత రోడ్డును తవ్వి వేయమని పంచాయతీకి ముందుగానే లిఖితపూర్వకంగా అడగండి. అర్జీతోపాటు మీ నిలువుకోత పటం నకలు కూడా జతచేయండి. మా వీధిలో నోటిమాటగా అడిగినన్నాళ్లూ కదలని పని, ఎత్తులు అంకెల్లో చూపించాక కనీసం కాలువ లోతు చేసేదాకా వచ్చింది.