సైటు నత్తనడక నడిస్తే హోస్టింగ్ కంపెనీ మీద దావా వేయొచ్చా?

ప్రశ్న: నాది ఐదు పేజీల చిన్న వెబ్‌సైట్. వర్డ్‌ప్రెస్‌లో చేయించుకున్నాను. 'మెరుపు వేగం, 99.9 శాతం అప్‌టైమ్ గ్యారంటీ' అన్న ప్రకటన చూసి షేర్డ్ హోస్టింగ్‌కు (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే ప్లాన్) మూడేళ్ల డబ్బు ఒకేసారి కట్టేశాను. ఇప్పుడు మొదటి పేజీ తెరుచుకోవడానికే ఆరేడు సెకన్లు పడుతోంది. అడిగితే 'వీపీఎస్‌కు మారండి', అంటే సర్వర్‌లో విడిగా కేటాయించే వాటాకు మారమంటున్నారు. ఇది సేవాలోపం కాదా? కట్టిన డబ్బుతో పాటు పోయిన ఆర్డర్లకు కూడా నష్టపరిహారం అడగొచ్చా?

జవాబు: ఆరేడు సెకన్లంటే నెమ్మదే, అందులో వాదన లేదు. ఐదు పేజీల సైటుకు ఎంత చవక హోస్టింగ్ మీదైనా అంతసేపు పట్టకూడదు. అయితే ఈ మాట కోర్టులో నిలబడాలంటే రెండు సంగతులు తేలాలి. వాళ్లు ఎంత వేగం ఇస్తామని మాటిచ్చారు? ఆ ఆరేడు సెకన్లలో వాళ్ల వాటా ఎంత?

ముందు ప్రకటన సంగతి. 'మెరుపు వేగం' అనేది వ్యాపారి గొప్పలు చెప్పుకోవడం కిందికే వస్తుంది. అలాంటి మాటలను చట్టం సాధారణంగా వాగ్దానంగా తీసుకోదు. ఎప్పుడు తీసుకుంటుందో చెప్పడానికి మా లాయర్లందరం చదువుకునే పాత ఇంగ్లిష్ కేసు ఒకటుంది, కార్లిల్ కేసు. మా స్మోక్ బాల్ (ముక్కుతో పీల్చే మందున్న రబ్బరు బంతి) చెప్పిన పద్ధతిలో వాడాక కూడా ఇన్‌ఫ్లుయెంజా వస్తే 100 పౌండ్లు ఇస్తామని ఒక కంపెనీ ప్రకటించింది. మా మాట మీద నమ్మకం కోసం బ్యాంకులో 1000 పౌండ్లు వేశామని కూడా రాసింది. ఒకావిడ వాడారు, జబ్బు వచ్చింది, డబ్బు అడిగారు. అదంతా ఉత్త ప్రచారమని కంపెనీ వాదిస్తే, 1892లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. ఇంత కచ్చితంగా అంకె వేసి చెప్పాక అది వాగ్దానమే అంది. మీ ప్రకటనలో 'సర్వర్ అర సెకనులో జవాబిస్తుంది' అని ఉంటే మీ చేతిలో ఆయుధం ఉన్నట్టే. అలాంటిదేదీ లేదు.

99.9 అంకే కదా అంటారేమో. అది వేగానికి సంబంధించింది కాదు. 30 రోజుల నెలలో సుమారు 43 నిమిషాలకు మించి సర్వర్ ఆగిపోదని దానర్థం, అంతే. ఏడు సెకన్ల తర్వాత తెరుచుకున్న పేజీ కూడా ఆ లెక్కలో 'నడుస్తున్నట్టే'. ఆ మాట తప్పినా, చాలా ఒప్పందాల్లో దక్కేది తర్వాతి బిల్లులో కాస్త తగ్గింపు మాత్రమే. చిన్న అక్షరాల్లో ఉండే ఈ షరతును నా దగ్గరకొచ్చేవాళ్లలో చదివినవాళ్లు చాలా తక్కువ.

అలాగని ఒప్పందంలో వేగం మాట లేకపోతే హోస్టింగ్ కంపెనీ ఎలాగైనా నడుపుకోవచ్చని కాదు. డబ్బు తీసుకుని చేసే పనిలో తగినంత శ్రద్ధ, నైపుణ్యం ఉండాలన్నది చాలా దేశాల చట్టాల్లో రాయకపోయినా ఉండే షరతు. 'తగినంత' ఎంతో తేల్చడానికి ఆ రంగంలో నలుగురూ వాడే కొలమానం చూపించాలి. గూగుల్ మార్గదర్శకాలు ఇక్కడ పనికొస్తాయి. బ్రౌజర్ అడిగాక సర్వర్ నుంచి మొదటి బైటు రావడానికి 0.8 సెకను లోపు పడితే మంచిది, 1.8 సెకన్లు దాటితే బాగాలేనట్టు. తెర మీద ప్రధాన భాగం కనిపించడానికి 2.5 సెకన్ల లోపు మంచిది, 4 దాటితే బాగాలేనట్టు. ఇవి చట్టం కావు, కానీ నిపుణుడి సాక్ష్యానికి మంచి ఆధారం.

ఇందులో హోస్టింగ్ కంపెనీ చేతిలో ఉండేది ప్రధానంగా మొదటి బైటే. ఉత్త హెచ్‌టీఎంఎల్ పేజీని సీడీఎన్ (చాలా ఊళ్లలో సర్వర్లున్న నెట్‌వర్క్) మీద పెడితే, చూసేవాడికి దగ్గర్లోని సర్వర్ నుంచి సెకనులో పదో వంతుకు అటూ ఇటూగా మొదటి బైటు వచ్చేస్తుంది. క్యాష్ (ఒకసారి తయారైన పేజీని దాచి మళ్లీ అదే ఇచ్చే ఏర్పాటు) సరిగ్గా పెట్టుకున్న వర్డ్‌ప్రెస్ ఓ మోస్తరు వీపీఎస్ మీద అర సెకను లోపే జవాబివ్వాలి. షేర్డ్ హోస్టింగ్ అంటే ఒకే మోటారు మీద పది వాటాల ఇల్లు. పక్క వాటాలో నీళ్లు ఎక్కువగా వదిలితే మీ కుళాయి సన్నబడుతుంది. క్యాష్ లేకపోతే అక్కడ అర సెకను నుంచి ఒకటిన్నర సెకను దాకా పట్టడం మామూలే. అంతకు మించి, అదీ రోజూ, అయితే నిలదీయాల్సిందే.

మరి మీ ఆరేడు సెకన్లు ఎక్కడ పోతున్నాయి? దీనికి లాయరు కూడా చేయగలిగిన పరీక్ష ఒకటుంది. 'నమస్తే' అన్న ఒక్క మాటతో చిన్న హెచ్‌టీఎంఎల్ ఫైలు చేసి అదే సర్వర్‌లో పెట్టండి. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ ఫైలుకు పట్టిన సమయం, మీ మొదటి పేజీకి పట్టిన సమయం పక్కపక్కన రాసుకోండి. ఉత్త ఫైలుకే రెండు సెకన్లు పడితే తప్పు చాలావరకు సర్వర్‌దో, దారిదో. అది 0.2 సెకనులో వచ్చి, మొదటి పేజీ మొదటి బైటుకు మూడు సెకన్లు పడితే గొడవ ప్లగిన్లలోనో (వర్డ్‌ప్రెస్‌కు తగిలించే అదనపు ప్రోగ్రాములు) డేటాబేస్‌లోనో ఉండొచ్చు, లేదా మీ వాటాకు పెట్టిన సీపీయూ పరిమితి చాలక కావచ్చు. మొదటి బైటు త్వరగానే వచ్చి మిగతా సమయమంతా బొమ్మలకు పోతుంటే మాత్రం, ఫోన్‌లో తీసిన 5 ఎంబీ ఫొటోలను అలాగే ఎక్కించినవాళ్లను అడగాలి. మొదటి విచారణలోనే అవతలి లాయరు ఈ పరీక్ష చేయిస్తాడు. ముందే చేసుకుంటే మీకు పరువు దక్కుతుంది.

దూరం కూడా చూసుకోండి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సర్వర్ 10,000 కిలోమీటర్ల అవతల ఉంటే, వెళ్లి రావడానికే 0.1 సెకను. కనెక్షన్ కుదరడానికి ఒకసారి, భద్రత తాళాలకు ఒకసారి, పేజీ అడగడానికి ఒకసారి, మామూలుగా మూడు రాకపోకలు పడతాయి. ఆ 0.3 సెకనుకు ఎవరినీ తప్పుపట్టలేం, డేటాసెంటర్ మీరే ఎంచుకుని ఉంటే మరీను.

పోయిన ఆర్డర్ల విషయంలో ఆశ తగ్గించుకోండి. 1854 నాటి హాడ్లీ కేసులో విరిగిన షాఫ్టును చేరవేయడం ఆలస్యమై మిల్లు ఆగిపోయింది. అయినా పోయిన లాభాలు ఇప్పించలేమంది కోర్టు. ఆలస్యమైతే మిల్లు మూతపడుతుందన్న సంగతి రవాణావాళ్లకు ముందు చెప్పలేదన్నదే కారణం. మీరూ ప్లాన్ కొనేటప్పుడు ఆర్డర్ల గురించి చెప్పి ఉండరు. పైగా లాభనష్టాల బాధ్యత మాది కాదన్న షరతుకు 'అంగీకరిస్తున్నాను' అని టిక్ పెట్టే ఉంటారు. వినియోగదారుల చట్టం కింద వెళ్దామన్నా, వ్యాపారం కోసం కొన్న సేవను చాలాచోట్ల అందులోకి రానివ్వరు.

కాబట్టి మీరు గట్టిగా అడగాల్సింది మిగిలిన నెలల డబ్బు. ఒక్క స్క్రీన్‌షాట్ చాలదు. రెండు వారాల పాటు రోజుకు మూడు పూటలా ఆ ఉత్త ఫైలునీ మొదటి పేజీనీ కొలిచి, తేదీ, గంటలతో పట్టిక రాయండి. దాన్ని సపోర్ట్ టికెట్‌కు జతచేసి, 'సర్వర్ స్పందన సమయం ఇంత ఉంది, 15 రోజుల్లో సరిచేయండి, లేదంటే మిగిలిన కాలానికి డబ్బు వాపసు ఇవ్వండి' అని రాయండి. ఫోన్‌లో మాట్లాడితే అదే రోజు ఈమెయిల్‌లో ఆ సంగతి రాసి పంపండి. 'వీపీఎస్‌కు మారండి' అన్న వాళ్ల జవాబును పారేయకండి. ఈ ప్లాన్ ఐదు పేజీల సైటుకు కూడా చాలదని వాళ్లే ఒప్పుకున్నట్టు వాదించడానికి అది పనికొస్తుంది. దావా దాకా వెళ్లే ముందు ఒప్పందంలో ఏ ఊరి కోర్టు రాశారో చూడండి. ఆ ఊరికి వెళ్లిరావడానికయ్యే ఖర్చే మీ క్లెయిమ్‌ను మించిపోవచ్చు.

నోటీసు పంపే ముందే సైటు మొత్తానికి బ్యాకప్ తీసి మీ దగ్గర పెట్టుకోండి. ఆటో రెన్యూవల్ కూడా ఆపేయండి. గొడవ నడుస్తుండగా కార్డు నుంచి మళ్లీ డబ్బు కట్ అయితే, సేవ నచ్చే పొడిగించుకున్నారని వాళ్లు వాదిస్తారు.