ఐస్‌లాండ్ రింగ్ రోడ్డు: కారు, గాలి, వాగులు

ప్రశ్న: జులైలో ఐస్‌లాండ్ చుట్టూ కారులో తిరగాలని ఉంది. ఏడు రోజులు సరిపోతాయా?

జవాబు: దీవిని చుట్టివచ్చే ఒకటో నంబరు రోడ్డు సుమారు 1,320 కి.మీ. రోజుకి 190 కి.మీ. అంటే తేలికే అనిపిస్తుంది. కానీ జలపాతం దగ్గరో, యోకుల్‌సార్లోన్ మంచుగడ్డల సరస్సు దగ్గరో ఆగితే గంటలు గడిచిపోతాయి. పశ్చిమ ఫ్యోర్డులను (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల ప్రాంతాన్ని) వదిలేస్తే ఏడు రోజులు చాలు. వాటిని కూడా చూడాలంటే పది రోజులు పెట్టుకోండి. రాజధాని రేక్యావిక్ నుంచి విక్‌కి దాదాపు 190 కి.మీ., అక్కణ్ణుంచి హోఫ్న్‌కి 270, తీరం వెంట ఎగిల్‌స్టాదిర్‌కి 250, మీవట్న్‌కి 165. ఆ తర్వాత వచ్చే అకురేరి నుంచి రాజధానికి తిరిగిరావడం 390.

రాత్రి పూర్తిగా చీకటి పడదు కాబట్టి అలసట తెలియక నడుపుతూనే ఉంటారు. ఏ రోజు ఎన్నింటికి ఆపాలో గడియారం చూసి ముందే తేల్చుకోండి. హోఫ్న్, మీవట్న్ దగ్గర గదులు నెలల ముందే నిండిపోతాయి. క్యాంపర్‌వ్యాన్ (లోపలే పడుకునే వీలున్న బండి) తీసుకున్నా దారి పక్కన ఎక్కడబడితే అక్కడ పడుకోకూడదు, క్యాంపింగ్ స్థలానికి వెళ్ళాల్సిందే.

ప్రశ్న: ఫోర్‌వీల్ డ్రైవ్ తప్పనిసరా?

జవాబు: రింగ్ రోడ్డుకి అక్కర్లేదు. అంతా తారు రోడ్డే, వేసవిలో చిన్న కారు చాలు. నంబరుకి ముందు 'ఎఫ్' ఉన్న కొండ దారులకు మాత్రం చట్టప్రకారం ఫోర్‌వీల్ డ్రైవ్ ఉండాలి. మంచు కరిగేదాకా అవి తెరవరు. చాలా దారులు తెరిచేసరికి జూన్ చివరవుతుంది, కొన్నింటికి జులై కూడా వస్తుంది.

ఈ కొండ దారుల్లో వాగు అడ్డొస్తే, పెద్ద బండి ఉంది కదా అని చూసుకోకుండా దిగకండి. నీళ్ళ వల్ల ఇంజిన్ పాడైతే సాధారణంగా ఏ బీమా కట్టదు. మంచు కరిగి పారే వాగులు తెల్లవారుజామున తక్కువగా పారతాయి. ఎండకి మంచు కరిగాక, మధ్యాహ్నం నుంచి పొంగుతాయి. వెడల్పుగా, అలలు అలలుగా ఉన్నచోట లోతు తక్కువ. ఇరుగ్గా, నిశ్చలంగా ఉన్నచోట ఎక్కువ. తక్కువ గేరులో, ఒకే వేగంతో, మధ్యలో ఆగకుండా, గేరు మార్చకుండా దాటాలి. ఏమాత్రం అనుమానమున్నా వెనక్కి తిరగడమే తెలివి. దారి వదిలి నాచు మీదకి బండి ఎక్కించడం నేరం. ఆ నాచు మళ్ళీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది.

ప్రశ్న: అద్దె కారు తలుపులు గాలికి ఊడిపోతాయని అంటున్నారు, నిజమేనా?

జవాబు: నిజమే. అక్కడ అద్దె కార్లకు జరిగే నష్టాల్లో ఇది మామూలు, బీమా కూడా చాలాసార్లు వర్తించదు. వెనక నుంచి వీచే గాలి కొద్దిగా తెరిచిన తలుపుని ముందుకి విసురుతుంది, కీళ్ళు వంగిపోతాయి. అందుకే గాలికి ఎదురుగా ముక్కు పెట్టి ఆపండి. అప్పుడు గాలి తలుపుని మూసేవైపే నెడుతుంది. ఒక్కొక్కరే, తలుపుని గట్టిగా పట్టుకుని దిగండి.

ఐస్‌లాండ్ వాతావరణ శాఖ గాలి వేగాన్ని సెకనుకి మీటర్లలో ఇస్తుంది, 3.6తో గుణిస్తే గంటకి కిలోమీటర్లు వస్తాయి. 15 మీటర్లంటే గంటకి 54 కి.మీ. ఆ గాలిలో ఎత్తయిన క్యాంపర్ నడపడం ప్రమాదం. కొండల కింద, ముఖ్యంగా ఎయాఫ్యాత్లయోకుల్ పాదం దగ్గర, ఓరైవి ప్రాంతంలో, విసురుగాలి సగటుకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. మీర్‌దల్‌శాండుర్, స్కేదరార్‌శాండుర్ మైదానాల్లో ఇసుక లేస్తే రంగు గీసుకుపోతుంది, అద్దం మసకబారుతుంది. దక్షిణ తీరానికి ఇసుక, బూడిద బీమా అడిగి తీసుకోండి.

ప్రశ్న: రోడ్డు మీద ఇంకేం జాగ్రత్తలు?

జవాబు: వేగపరిమితి తారు మీద 90, కంకర మీద 80, ఊళ్ళలో 50. బండ్లు జారేది ఎక్కువగా తారు అయిపోయి కంకర మొదలయ్యేచోట, కాబట్టి ముందే వేగం తగ్గించండి, కంకర మీద గట్టిగా బ్రేకు వేయకండి. ఒకే వరస ఉన్న వంతెన దగ్గరికి ముందు చేరిన బండిది దారి. గుండ్రటి కూడలిలో లోపలి వరసలో ఉన్నవారు ముందు బయటికి వెళ్తారు. పగలు కూడా హెడ్‌లైట్లు వెలగాలి. దారికి ఒకవైపు తల్లి గొర్రె, రెండోవైపు పిల్ల కనిపిస్తే, పిల్ల తప్పక అడ్డంగా పరుగెడుతుందనే అనుకోండి.

ప్రశ్న: పెట్రోలు, టోలు సంగతి?

జవాబు: మనుషులు లేని బంకులు చాలా ఉన్నాయి, పిన్ నంబరున్న కార్డు లేకుంటే చాలాచోట్ల పని జరగదు. ఎగిల్‌స్టాదిర్ నుంచి మీవట్న్ వైపు బయల్దేరేముందు ట్యాంకు నింపుకోండి, మధ్యలో దాదాపు అంతా నిర్జన ప్రదేశమే. అకురేరి దగ్గరి వాద్లాహేది సొరంగానికి టోలు ఉంది కానీ గేటు లేదు. కెమెరా నంబరు తీసుకుంటుంది, డబ్బు ఆన్‌లైన్‌లో మీరే కట్టాలి. కట్టకపోతే అద్దె సంస్థ తన రుసుం కూడా కలిపి వసూలు చేస్తుంది. టోలు వద్దనుకుంటే వీకుర్‌స్కార్ద్ మీదుగా పాత కొండదారి ఉంది.