పి.జె. హార్వీ ప్రతి ఆల్బమ్‌కూ బాణీ ఎందుకు మారుస్తారు?

ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌కు చెందిన పి.జె. హార్వీ ఒకసారి సాధించినదాన్నే మళ్లీ చేయడానికి ఇష్టపడని గాయని, గీత రచయిత్రి. ‘డ్రై’ (1992), ‘రిడ్ ఆఫ్ మి’ (1993) ఆల్బమ్‌లతో కరకైన గిటార్ ధ్వనికి పేరు తెచ్చుకున్న ఆమె, 2007 నాటి ‘వైట్ చాక్’ కోసం గిటార్‌ను దాదాపు పక్కనపెట్టి, తనకు అంతగా అలవాటు లేని పియానోతో పాటలు కట్టి, గొంతును సైతం పై స్థాయికి మార్చుకున్నారు. నా దృష్టిలో ఈ తెగువే ఆమె అసలు బలం. ఆటోహార్ప్ అనే తీగల వాద్యానికి ప్రాధాన్యమిచ్చిన ‘లెట్ ఇంగ్లండ్ షేక్’ (2011) యుద్ధం గురించినది. మొదటి ప్రపంచ యుద్ధంలోని గల్లిపోలి పోరు అందులో ప్రముఖంగా వినిపిస్తుంది. దానికి బ్రిటన్, ఐర్లండ్‌ల ఉత్తమ ఆల్బమ్‌కు ఏటా ఇచ్చే మెర్క్యురీ బహుమతి లభించింది. 2001లోనూ ఆ బహుమతి గెలుచుకున్న హార్వీ, దాన్ని రెండుసార్లు అందుకున్న తొలి కళాకారిణి అయ్యారు.